నష్టపోయింది ఊరంతా, కోర్టుకు మాత్రం ఒక్కొక్కరా?



మృగశిర కార్తె వచ్చింది. పత్తి గింజల ప్యాకెట్లు ఊళ్లలోకి దిగాయి. దుకాణంలో కొన్నవి కొన్ని, రాత్రిపూట మోటారుసైకిల్ మీద సంచిలో వచ్చినవి కొన్ని. 'కలుపు మందు కొట్టినా మొక్క చావదు' అని అమ్మే ఆ గింజలకు ప్రభుత్వ అనుమతి లేదు, బిల్లూ లేదు. మొలవకపోతే అడుగుదామంటే అమ్మినవాడు కనిపించడు.

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ల కింద రెండెకరాల్లో మిర్చి వేశాను. తోట గొడుగులా పెరిగింది, కాయ పడలేదు. దుకాణదారుణ్ని అడిగితే 'వాతావరణం అన్నా, మేమేం చేస్తాం' అన్నాడు. ఉద్దెర తెచ్చినవాణ్ని కాబట్టి గట్టిగా అడగలేకపోయాను. బిల్లు తీసుకోలేదు, ఖాళీ ప్యాకెట్లు గట్టు మీదే కాలబెట్టాను. మా ఊళ్లో అదే గింజ వేసినవాళ్లం పదకొండు మందిమి. పదకొండు మందిమీ ఎవరింట్లో వాళ్లం బాధపడ్డామే తప్ప, ఒక్కరమూ ఫిర్యాదు కాగితం రాయలేదు. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

1966 నాటి విత్తన చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయలకు మించదు. రైతుకు పరిహారం ఇప్పించే మాట ఆ చట్టంలో లేనే లేదు. మన రాష్ట్రంలో కల్తీ విత్తనాలు అమ్మేవాళ్లను పీడీ చట్టం కిందికి తెచ్చారు. మంచిదే. కానీ వాడు జైలుకు పోయినంత మాత్రాన మన పెట్టుబడి తిరిగి రాదు.

పరిహారం దొరికే చోటు వినియోగదారుల కమిషన్. ఈ దారి వేసింది మన తెలుగు రైతులే. నాసి విత్తనాలతో నష్టపోయామని జాతీయ విత్తన సంస్థ మీద ఖమ్మం, మహబూబ్‌నగర్, కర్నూలు, గుంటూరు, కాకినాడ వినియోగదారుల ఫోరాల్లో రైతులు గెలిచారు. సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రైతు వినియోగదారుడే కాడని, గింజను ల్యాబులో పరీక్ష చేయించలేదని వాదించింది. 2012 జనవరి 16న కోర్టు ఆ వాదనలు కొట్టేసింది. రైతు కొన్న గింజంతా విత్తుకుంటాడు, పరీక్ష కోసం దాచుకోడు, ఆ లాటు నమూనా సంస్థ దగ్గరే ఉండాలి కదా అని తేల్చింది.

అయినా ఒక రైతు, ఎదురుగా కంపెనీ వకీళ్లు. చర్ల, దుమ్ముగూడెం అడవి అంచు నుంచి కోయ రైతు ఎన్ని వాయిదాలకు తిరగగలడు?

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఒక అటార్నీ జనరల్ ఉంటారు. మోసం చేసిన కంపెనీ మీద జనం తరఫున ఆయనే కేసు వేస్తారు. 1998లో 46 రాష్ట్రాల అటార్నీ జనరళ్లు కలిసి సిగరెట్ కంపెనీలను వేల కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పించారు. మన అడ్వకేట్ జనరల్ పని ప్రభుత్వం తరఫున వాదించడం.

అలాగని మన చట్టంలో దారి లేకపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వమే ఫిర్యాదుదారుగా నిలబడవచ్చు. అదే చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఎక్కువమందికి ఒకే మోసం జరిగితే ఫిర్యాదు మీద కలెక్టరు విచారణ జరిపి నివేదిక పంపవచ్చు. వాడమని గట్టిగా అడగకపోతే ఆ అధికారం కాగితం మీదే ఉండిపోతుంది.

అడిగితే ఏమవుతుందో 2025లో చూశాం. ఒకప్పుడు మన ఖమ్మం జిల్లావే అయిన వాజేడు, వెంకటాపురం మండలాల్లో బాండు మొక్కజొన్న వేసిన ఆదివాసీ రైతులు నిండా మునిగారు. ఒక్కొక్కరుగా ఆర్గనైజర్ల చుట్టూ తిరిగితే పని కాలేదు. అందరూ కలిసి రోడ్డెక్కాక రాష్ట్ర రైతు కమిషన్ కల్పించుకుంది, కంపెనీలకు పరిహారం చెల్లించక తప్పలేదు.

అందుకే మన సంఘం అడిగేవి రెండు. ఊరంతా ఒకే గింజతో నష్టపోతే కలెక్టరు 16వ సెక్షన్ కింద విచారణ జరపాలి. కేసు భారం రైతు నెత్తిన వేయకుండా రాష్ట్ర ప్రభుత్వమే ఫిర్యాదుదారు కావాలి.

మన వైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. బిల్లు లేని గింజ కొనొద్దు. ఉద్దెరకైనా, కౌలు భూమికైనా, పోడు భూమికైనా బిల్లు అడగండి. ఇవ్వడం దుకాణదారుడి బాధ్యత. అందులో లాటు నంబరు, సాగుచేసేవారి పేరు రాయించండి. ఖాళీ ప్యాకెట్, గుప్పెడు గింజ దాచండి. తేడా కనిపించిన రోజే ఫోటోలు తీసి, వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, చేను పరిశీలన నివేదిక అడగండి. కమిషన్‌లో కేసు రెండేళ్లలోపు వేయాలి. కొన్న సరుకు విలువ ఐదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఒకే నష్టం జరిగినవాళ్లు కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసినా సలహా చెబుతారు.

ఆనాడు మా పదకొండు మందిలో ఒక్కరు బిల్లు దాచి ఉంటే, మిగతా పదిమందిమి ఆ ఒక్కరి వెనక నిలబడి ఉండేవాళ్లం. ఈ కార్తెలో మీ ఊళ్లో ప్రతి ఇంటి చూరులో బిల్లు, ప్యాకెట్ భద్రంగా ఉండాలి. తేడా వస్తే సంఘానికి కబురు చేయండి. కలెక్టరాఫీసుకు అందరం కలిసే పోదాం.