కిలోమీటరు లోపు ఏముంది?

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లలకు ఇంటి నుంచి కిలోమీటరు లోపు బడి ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా అయితే మూడు కిలోమీటర్లు. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చినప్పుడు కేంద్రం రాసిన నిబంధన ఇది. రాసినవాళ్లు అక్కడితో ఆగలేదు. కొండలు, వరదలు, దారి లేని చోట్లు, పసిపిల్లలకు ప్రమాదమైన తోవలు ఉంటే ఆ దూరాన్ని ఇంకా తగ్గించాలని కూడా రాశారు. బడుల విలీనం గురించి మాట్లాడేవాళ్లు మొదటి మాట చెబుతారు, రెండోది వదిలేస్తారు.

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరలోని హైస్కూళ్లకు తరలించబోతే చాలా ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. కిలోమీటరు ఎక్కువని కాదు, ఆ కిలోమీటరులో ఏముందో వాళ్లకు తెలుసు కాబట్టి. లారీలు ఆగని రోడ్డు ఉంటుంది, గట్టు తెగిన కాలువ ఉంటుంది, రైలు పట్టాలుంటాయి. పొద్దున్నే కూలికి పోయే తల్లి ఎనిమిదేళ్ల పిల్లను రోజూ బడి దాకా దింపి రాలేదు. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. ఈలోగా మూడేళ్లు గడిచాయి. మూడో తరగతిలో ఉన్న పిల్లకు మూడేళ్లంటే ప్రాథమిక చదువులో మిగిలిందంతా.

మన పెద్దలు దూరాన్ని మనిషితో కొలిచారు. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అన్నీ ఒంటి కొలతలే. కాస్త ఎడమైతే కూతవేటు, ఇంకా పోతే క్రోసు, ఆమడ. ఎవరి మూర వారిది కనక బట్టల కొట్లో, పొలం గట్టు మీద ఆ పద్ధతితో తగాదాలు తీరవు. అక్కడ మీటరు రావాల్సిందే, వచ్చి మంచే చేసింది. కానీ కూతవేటు అన్నప్పుడు అవతల పిలిస్తే పలికే మనిషి ఒకరు ఉన్నారన్న భరోసా కూడా అందులో ఉంది. ఐదారేళ్ల పిల్లల బడికి అంతకన్నా మంచి కొలత నాకు తోచదు. పిల్లాడు దారిలో పడి ఏడిస్తే ఊళ్లో ఎవరో ఒకరికి వినపడాలి.

అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి వానాకాలం వచ్చిందంటే డోలీ వార్తలు మొదలవుతాయి. నొప్పులు పడుతున్న ఆడమనిషిని కర్రకు కట్టిన డోలీలో కూర్చోబెట్టి, భుజాలు మార్చుకుంటూ గెడ్డలు దాటిస్తారు. 108 బండి రోడ్డు ఆగిన చోట ఆగిపోయి ఉంటుంది. మధ్యలో ఉన్నది నాలుగైదు కిలోమీటర్లే కావచ్చు. విశాఖలో అయితే ఆటోవాడు పావుగంటలో దించేస్తాడు. కొండ మీద ఆ కాస్త దారిలోనే కాన్పులు అయిపోతున్నాయి, ప్రాణాలూ పోతున్నాయి. దూరపు కొండలు నునుపన్నది మైదానంలో ఉండేవాళ్ల సామెత.

సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం పెట్టినవాళ్లు ఈ సంగతి గ్రహించారు. కాన్పు రోజులు దగ్గరపడకముందే కొండల మీది తల్లులను కిందికి తీసుకొచ్చి, తిండి పెట్టి, ఆసుపత్రికి అందుబాటులో ఉంచడం వాళ్లు ఎంచుకున్న దారి. రోడ్డుకు నిధులు కావాలి, అటవీ అనుమతులు కావాలి, ఏళ్లు పడుతుంది. కడుపులో బిడ్డ అన్నాళ్లు ఆగదు. దారి దాటే పనిని నొప్పులు వచ్చే వేళకు వదిలిపెట్టకపోవడమే అందులోని తెలివి. అలాగని అది రోడ్డుకు బదులు కాదు. పెద్దపిల్లలను, పోడు చేనును, మేకలను వదిలి వారాల తరబడి కింద ఉండటం ఆ తల్లికి చిన్న విషయమేమీ కాదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనూ ఇలాంటి ఇంగితం చూపారు. ఊరికి ఐదు కిలోమీటర్లు దాటి పని చూపిస్తే కూలి మీద పది శాతం అదనంగా ఇవ్వాలన్నారు. పేదవాడి నడకకు వెల కట్టిన చట్టాలు మనకు ఎక్కువ లేవు. వేలిముద్ర పడలేదనో, కాగితం చాలదనో మండల ఆఫీసు చుట్టూ తిరిగే ముసలివాళ్లకు ఎవరూ పది శాతం కలిపి ఇవ్వరు. ‘రేపు రా’ అన్న ప్రతిసారీ వాళ్ల దారి రెట్టింపవుతుంది.

నేల మీద కనిపించని దూరాలు కూడా ఉన్నాయి. చాలా పల్లెల్లో ఊరికీ వాడకూ మధ్య ఒక రోడ్డు వెడల్పే ఉంటుంది. 2020లో కరోనా వచ్చి, సామాజిక దూరం పాటించండని మైకుల్లో చెబుతుంటే, ఆ మాట వద్దు, భౌతిక దూరం అనండని కొందరు అడిగారు. న్యాయంగా అడిగారు. రోగం కోసం పాటించిన రెండు గజాల ఎడం రోగంతోనే పోయింది. 1950లో రాజ్యాంగం 17వ అధికరణంతో నిషేధించిన అంటరానితనపు దూరం మాత్రం శ్మశానం దారిలో, వాడకు ఆఖరున చేరే నీళ్ల పైపులో ఇంకా కనబడుతూనే ఉంది. అంగన్‌వాడీ ఎక్కడ పెట్టాలి, రేషన్ దుకాణం ఎవరి వీధిలో ఉండాలి అని తేల్చేటప్పుడు ఆ రోడ్డు వెడల్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. పటంలో చూస్తే అది సూది మొనంత కూడా ఉండదు. దాటి వచ్చి వరసలో నిలబడాల్సిన పిల్లకు అది ఎంతో ఆ పిల్లకే తెలుసు.

రేపు మీ ఊరి బడిని మరోచోట కలుపుతామనో, ఆరోగ్య కేంద్రాన్ని పక్క ఊరికి మారుస్తామనో కాగితం వస్తే, ఎన్ని కిలోమీటర్లని మాత్రమే అడిగి ఊరుకోకండి. గ్రామసభ పెట్టించండి. కాగితం తెచ్చిన అధికారిని ఆ దారిన నడవమనండి, వాన పడ్డ మర్నాడు, ఒక రెండో తరగతి పిల్లను వెంటబెట్టుకుని. వెళ్లడానికి ఎంతసేపు పట్టిందో, తోవలో ఏమేం దాటారో తీర్మానంలో రాయించి, ఆయన చేత సంతకం పెట్టించండి.