ఇగురు మిగిలింది, ఇగరడం పోయింది

మా ఇల్లు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో. సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్ళొచ్చు. పై గదులు గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలకు అద్దెకిస్తాం. ఆ మధ్య ఒక ఆదివారం మెస్సు మూసేశారని, నల్లగొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి మా వంటింట్లోనే కోడికూర పొయ్యి మీద పెట్టింది. ఫోను స్పీకర్లో పెట్టి గట్టు మీద ఉంచింది. అవతల వాళ్ళమ్మ.

“నీళ్ళు పొయ్యకు బిడ్డా. దాని నీళ్ళు దాంట్లనే ఇగరనియ్యి.”

“ఇగరనియ్యుడంటే ఏందమ్మా? ఫ్రై చెయ్యాల్నా?”

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఫ్రై కాదే... ఇగరనియ్యి” అంది. ఆమె దగ్గర ఇంకో మాట లేదు. ఆ పిల్ల నావైపు తిరిగి, “అంటే ఏంది ఆంటీ?” అని అడిగింది.

ఆ అమ్మాయికి ఇగురు తెలుసు. మెస్సు బోర్డు మీద ‘చికెన్ ఇగురు’ అని చదువుతుంది, ఇష్టంగా తింటుంది. నామవాచకం ఆమె దాకా చేరింది, క్రియ చేరలేదు. మధ్యదారిలో దాన్ని ఆపినవాళ్ళం ఎవరమో నాకు తెలుసు. ఈ ఊళ్ళో తెలుగు రాసి, తెలుగు దిద్ది, తెలుగు పాఠం చెప్పి జీతం తీసుకున్న నా తరం వాళ్ళం. అందులో నేనొకదాన్ని.

ఇరవై ఏళ్ళకు పైగా నేనొక వారపత్రికలో వంటల పేజీ చూశాను. పాలకొల్లు నుంచి, జగిత్యాల నుంచి, అనంతపురం నుంచి ఉత్తరాలు వచ్చేవి. ఎక్కువగా ఇన్‌లాండ్ కవర్లు. కొన్నిటి అంచులకు నూనె మరకలుండేవి. ఒకామె రాసింది: మూత పెట్టి నీళ్ళు ఇగిరేదాకా సన్నసెగన ఉంచి, ఆ తర్వాత మూత తీసి నూనెలో వేగనివ్వాలని. నేను దాన్ని ‘డ్రై అయ్యాక ఫ్రై చేయాలి’ అని కుదించాను. రెండు లైన్లు మిగిలాయి. ఆ జాగాలో ఫొటో కాస్త పెద్దగా వేశాం.

ఆమె రాసిన దాంట్లో ఏం పోగొట్టానో ఇప్పుడు చెబుతాను. గిన్నెలో నీరున్నంతసేపు కూర వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ నీరు ఆవిరై పోయాకే వేడి పైకెక్కుతుంది, నూనెలో ముక్క రంగు తిరగడం మొదలవుతుంది. అంటే ముందు ఇగరాలి, ఆ తర్వాతే వేగాలి. ఇంత సంగతిని ఆమె రెండు క్రియల్లో, వరస తప్పకుండా చెప్పింది. పైగా ఇగరడం నీళ్ళు చేసే పని. వండే మనిషి చేయాల్సింది ఓపిక పట్టడమే. అందుకే ఆ తల్లి ‘ఇగరనియ్యి’ అంది, ఇగరడానికి సమయమియ్యి అని. ‘డ్రై చేయండి’ అన్నప్పుడు పని మనిషి మీదికొచ్చింది. మంట పెంచమని అర్థమొచ్చింది. నా పేజీ చూసి ఎన్ని ఇళ్ళలో కూర అడుగంటిందో!

వేపుడు సంగతీ అంతే. వేగడం ముక్క పని, వేపడం మనిషి పని, చివరికి పళ్ళెంలోకి వచ్చేది వేపుడు. మూడు మాటలు, ఒకే మూలం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో కృదంతాలకు ఒక పరిచ్ఛేదమే ఉంది. క్రియ నుంచి పేరు ఎలా పుడుతుందో నేనూ తరగతిలో కూర్చుని నేర్చుకున్నాను, మార్కులు తెచ్చుకున్నాను. ఆ చదువు నా బల్ల దాకా రాలేదు. బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన నిఘంటువు నా కుర్చీ వెనకే ఉండేది. పాఠకులకు అర్థం కాదేమోనని సందేహం వచ్చిన ప్రతిసారీ చెయ్యి చాపి దాన్ని తీయాల్సింది. తీయలేదు. ఇంగ్లీషు మాట పెట్టడం సులువు.

పాఠకులకు తెలుగు వంట మాటలు అక్కర్లేదని మేం అనుకోవడానికి ఆధారమేమీ లేదు. మాలతీ చందూర్ మద్రాసులో ఉండి రాసిన ‘వంటలు-పిండివంటలు’ ఎన్ని ముద్రణలు పొందిందో పుస్తకాల షాపుల వాళ్ళందరికీ తెలుసు. జనం కొన్నారు, చదివారు, వండారు.

ఇంకో తప్పు దీనికంటే ముందుది, ఇంగ్లీషుతో సంబంధం లేనిది. ‘ఎసరు మసిలినంక’ అని తెలంగాణ ఇల్లాలు రాస్తే, అది యాస అని ‘నీళ్ళు మరిగాక’ అని మార్చాం. చిక్కడపల్లి మార్కెట్లో నిలబడితే రోజూ వినపడే మాటను, చిక్కడపల్లిలోనే మా ఆఫీసులో కూర్చుని కొట్టేశాం. కొన్నేళ్ళకు ఆ ‘మరిగాక’ కూడా ‘బాయిల్ అయ్యాక’ అయింది. మొదటి మాటను కొట్టేయడానికి అలవాటుపడ్డ చెయ్యి రెండోదాని దగ్గర ఆగలేదు. గుత్తి వంకాయలో కారం ‘కూరి’ అని ఉంటే ‘స్టఫ్ చేసి’, ‘తాలించి’ అని ఉంటే ‘తడ్కా పెట్టి’. ఇలా ఎన్నో!

భాషలోకి పరాయి మాట రావడం మీద నాకు కోపం లేదు. కుక్కరు, గ్యాసు, ప్లేటు వచ్చాయి, ఇంట్లో మనుషుల్లా కలిసిపోయాయి. మిక్సీ వచ్చినప్పుడు మన ఆడవాళ్ళు దానికి తెలుగు క్రియ తగిలించి ‘మిక్సీ పట్టడం’ అన్నారు. పిండి పట్టించడం నుంచి తీసుకుని ఉంటారు. ఎంత చక్కటి మాట! నేను దాన్నీ ‘గ్రైండ్ చేయండి’ అని దిద్దిన రోజులున్నాయి. ఆ సంగతి తల్చుకుంటే ఇవాళ్టికీ తల వాలిపోతుంది.

నిజాం ఏలుబడిలో ఉర్దూతో కలిసి బతికిన మన పెద్దలు ఆ భాష క్రియల్ని ఎలా తీసుకున్నారో చూడండి. దబానా వస్తే దబాయించారు. బనానా వస్తే బనాయించారు. ఫిరానా వస్తే ఫిరాయించారు. వచ్చిన క్రియకు తెలుగు తోక పెట్టి, కాలాలన్నిటిలో నడిపించారు: దబాయించాడు, దబాయిస్తాడు, దబాయించకు. చదువులు, కచేరీలు ఉర్దూలో నడిచిన ఊళ్ళో తెలుగుకు అంత జీర్ణశక్తి ఉండేది. ఇంగ్లీషులో ‘ఫ్రై’ పేరూ అవుతుంది, క్రియా అవుతుంది. మేం తెచ్చుకున్నప్పుడు దాని కాళ్ళు విరిగి పేరొక్కటే వచ్చింది. ఫ్రై చేయు, బాయిల్ చేయు, మిక్స్ చేయు. వంటింట్లో ఉన్న పనులన్నీ ఒక్క ‘చేయు’ మీద వేశాం.

ఆ ఉర్దూ రోజుల్లోనే నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారు 1928లో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టారు. ఎదురీదుతూ పెట్టిన బడి అది. మాకు ఏ అడ్డూ లేదు. ప్రభుత్వం తెలుగువాళ్ళది, పత్రికలు తెలుగువాళ్ళవి, పక్కనే హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమీ. త్యాగరాయ గానసభలో ఆగస్టు 29న గిడుగు వారి గురించి, సెప్టెంబరు 9న కాళోజీ గురించి నేను మాట్లాడాను. ఇద్దరూ జనం నోట్లో మాట కోసం పోరాడినవాళ్ళని చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. మర్నాడు ఆఫీసుకెళ్ళి జనం రాసి పంపిన మాటను కొట్టేశాను. రెండు పనులూ ఒకే మనిషి చేసింది. నా పక్కన వేదిక మీద కూర్చున్నవాళ్ళలో చాలామందిదీ ఇదే కథ. మాలో ఎవరమూ దీన్ని బయటికి చెప్పలేదు.

క్రియ పోతే వంట ఒక్కటే పోదు. ‘నీతో వేగలేకపోతున్నా’ అంటాం. పెనం మీద నుంచి తెచ్చుకున్న మాట అది. వేగడమంటే ఏమిటో చూడని పిల్లకు, ఆ మాటలో మనిషి ఎంత కాగిపోయాడో తెలియదు.

ఆ ఉత్తరాలు దాచి ఉంటే ఇవాళ ఎవరైనా ఏరి పదకోశం చేసేవారు. ఆఫీసు మారినప్పుడు పాత కాగితాలతో కలిపి తూకానికి అమ్మేశారు. అక్కర్లేదని రాసి సంతకం పెట్టింది నేనే.

ఆ ఆదివారం ఆ అమ్మాయికి మూత తీసి చూపించాను. కూర అంచుల్లో నీరు తగ్గుతూ, నూనె విడిపడుతూ ఉంది. “ఇదీ ఇగరడం” అన్నాను. “ఇగురు అంటే ఇదేనా?” అంది. నోటుబుక్కు తెచ్చి, ఎకానమీ పాఠం వెనక పేజీలో రాసుకుంది.

మీ ఇంట్లో అమ్మో, అత్తయ్యో, నానమ్మో ఇంకా పొయ్యి దగ్గరుంటే, ఈ వారమే ఒక కాగితం తీసుకుని పక్కన నిలబడండి. ఆమె వంటకాల పేర్లు చెబుతుంది, అవి ఎలాగూ బతికే ఉన్నాయి. పనులు ఏ మాటతో చెబుతుందో వినండి. ఇగరనియ్యి అంటే ఇగరనియ్యి అనే రాయండి. మసలనియ్యి అంటే మసలనియ్యి అనే రాయండి. దయచేసి దిద్దకండి.