ఒక సభ్యుని నిరాకరణము

1990వ సంవత్సరము జూను 12వ తేదీన కెనడా దేశమందలి మానిటోబా రాష్ట్ర శాసనసభలో జరిగిన కార్యక్రమమును గూర్చి ఈ వారము కొంత వ్రాయదలచితిమి. నాటి సభలో మహోపన్యాసము లేవియు వినబడలేదు. మంత్రివర్గ మేదియు కూలలేదు. ముఖ్యమంత్రి గారీ ఫిల్మన్ లేచి, ఒక తీర్మానమును నియమిత కాలపు నోటీసు లేకయే ప్రవేశపెట్టుటకు సభవారి యనుమతి కోరెను. సభాపతి అలవాటు చొప్పున ఎల్లరకు సమ్మతమేనా యని యడిగెను. ప్రతిపక్షపు వరుసలనుండి ఒక సభ్యుడు సమ్మతము లేదనెను. అంతియే. ఆ మాటతో దేశ రాజ్యాంగమును మార్చుటకు మూడేండ్లుగా సాగుచుండిన ప్రయత్నము ఆగెను. పదునొకండు దినములకు గతించెను.

ఆ సభ్యుని పేరు ఎలైజా హార్పర్. న్యూ డెమోక్రటిక్ పక్షమువాడు. ఉత్తరారణ్యములలోని రెడ్ సకర్ లేక్ అను చిన్న గ్రామమున 1949లో జన్మించిన ఓజీ-క్రీ జాతీయుడు. కొలంబసు దారి తప్పి చేరిన పిమ్మట ఐరోపావారు ఆ ఖండపు మూలనివాసులకు మన పేరే తగిలించి 'ఇండియను'లనిరి. వారి పొరపాటును చట్టము కూడ నిలుపుకొన్నది గనుక, 1876 నాటి 'ఇండియను చట్టము' అను పేరును మేమును వాడక తప్పదు.

సంగతి మొదటినుండి చెప్పవలయును. 1982లో కెనడా తన రాజ్యాంగమును బ్రిటిషు పార్లమెంటు చేతినుండి తనచేతికి తెచ్చుకొనెను. అంతకుముందు 1981 నవంబరులో తొమ్మిది రాష్ట్రముల ముఖ్యమంత్రులు కేంద్రముతో ఒడంబడిక చేసికొనగా, ఫ్రెంచి భాషీయుల రాష్ట్రమగు క్యూబెక్కు ఒక్కటియు వెలుపల నిలిచిపోయెను. చట్టరీత్యా క్యూబెక్కు ఆ రాజ్యాంగమునకు లోబడియే యున్నది, మనసా లోబడలేదు. ఈ లోపమును తీర్చుటకై ప్రధానమంత్రి బ్రయన్ మల్రోనీ 1987లో పది రాష్ట్రముల ముఖ్యమంత్రులను మీచ్ లేక్ అను సరస్సు చెంత సమావేశపరచెను. క్యూబెక్కు ఒక 'విశిష్ట సమాజ'మని రాజ్యాంగమున అంగీకరించుట, సుప్రీముకోర్టు న్యాయమూర్తుల నియామకములో రాష్ట్రములకు పాత్ర కల్పించుట, వలస విషయములో అధికారము, కేంద్ర వ్యయాధికారమునకు పరిమితి, రాజ్యాంగ సవరణలందు విస్తృతమైన నిరోధాధికారము అనునవి ఆ ఒడంబడికలోని ముఖ్యాంశములు. మన రాజ్యాంగపు 368వ అధికరణము క్రింద కొన్ని సవరణలకు సగము రాష్ట్రముల యామోదము చాలును. అచ్చట అట్లు కాదు. ఈ ఒడంబడికలోని కొన్ని అంశములకు పది శాసనసభలును సమ్మతింపవలయును. మొదటి సభ యామోదించిన దినమునుండి మూడేండ్లలోగా ఈ పని పూర్తికావలయును. క్యూబెక్కు 1987 జూను 23న ఆమోదించెను గాన గడువు 1990 జూను 23.

క్యూబెక్కు కోరికను మేము తేలికగా చూడము. ఒక మహాఖండమున ఇంగ్లీషు సముద్రము నడుమ తన భాషను నిలుపుకొనగోరు జాతి తనకు రాజ్యాంగములో ఒక వాక్యము కావలెననుట అత్యాశ కాదు. ఈ మానిటోబా చరిత్రమే అందులకు సాక్ష్యము. 1870లో ఈ రాష్ట్ర మేర్పడినపుడు ఫ్రెంచికిని ఇంగ్లీషుతో సమానస్థానము చట్టమున వ్రాయబడెను. 1890లో ఈ శాసనసభయే అధిక సంఖ్యాకుల బలముతో దానిని తొలగించెను. ఆ తొలగింపు చెల్లదని సుప్రీముకోర్టు చెప్పుటకు 1979 వరకు పట్టెను. సంఖ్యాబలము ఎంతటి అన్యాయమునైనను తొంబదియేండ్లు మోయగలదని ఇందువలన తెలియుచున్నది.

అట్లయినచో హార్పర్ ఏల అడ్డుపడెను?

1982 రాజ్యాంగపు 35వ విభాగము మూలనివాసుల హక్కులను, వారితో జరిగిన సంధులవలన కలిగిన హక్కులను గుర్తించెను. ఆ హక్కులెట్టివో తేల్చుటకై 1983, 1984, 1985, 1987 సంవత్సరములలో నాలుగు మహాసభలు జరిగెను. స్వపరిపాలన హక్కును రాజ్యాంగమున వ్రాయుడని మూలనివాసుల నాయకులు కోరిరి. ఆ మాటకు స్పష్టమైన అర్థము లేదు, నిర్వచింపనిదే వ్రాయజాలమని పలువురు ముఖ్యమంత్రులు బదులు చెప్పిరి. 1987 మార్చిలో చివరి సభ విఫలమై ముగిసెను. ఐదారు వారములు గడచునప్పటికి ఆ ముఖ్యమంత్రులే మీచ్ లేక్ చెంత కూర్చుండి 'విశిష్ట సమాజము' అను మాటను, దాని కెట్టి నిర్వచనమును లేకయే, ఒక్క దినములో అంగీకరించిరి. ఒకరికి అనర్హత యైన యస్పష్టత మరియొకరికి అడ్డు కాలేదు. న్యాయస్థానములందు దినదినము వాదించు మాకు ఇంతకన్న స్పష్టమైన పక్షపాతపు నిదర్శనము కనబడదు.

మూలనివాసుల హక్కులకు ఈ ఒడంబడికలోని విశిష్ట సమాజపు నిబంధన భంగము కలిగింపదని అందులోనే యొక ఖండము కలదు గదా యని కొందరందురు. కలదు. దానిని మేము చదివితిమి. కాని నీ గోడను పడగొట్టనని వ్రాసియిచ్చుట వేరు, నీవును ఈ యింటివాడవని వ్రాయుట వేరు. దేశ స్వరూపమును వర్ణించు నిబంధనలో ఫ్రెంచివారును ఇంగ్లీషువారును కనబడుదురు. వేల సంవత్సరములుగా ఆ నేలపై నున్నవారు కనబడరు. అంతేకాదు, ఉత్తర ప్రాంతములు రాష్ట్రములు కావలెనన్న ఇకమీదట పది రాష్ట్రములును ఒప్పుకొనవలెనని షరతు చేర్చిరి. అచ్చటి ప్రజలలో మూలనివాసులు అనేకులు. వారిని సంప్రదించినవారు లేరు.

ఆ జాతులకు న్యాయస్థానపు ద్వారము ఎట్లు మూయబడెనో మన న్యాయవాద మిత్రులు తప్పక తెలిసికొనదగినది. 1927లో ఇండియను చట్టమునకు చేర్చిన యొక సవరణ ప్రకారము, ప్రభుత్వ అనుమతి లేనిదే మూలనివాసుల భూమి హక్కుల దావా నడపుటకై చందాలు వసూలు చేయుట నేరము. అనగా వకీలుకు ఫీజు కూడబెట్టుటయే శిక్షార్హము! ఈ నిబంధన 1951 వరకు అమలులో నుండెను. హార్పర్ పుట్టిననాటికి అతని జనులకు సామాన్యముగా వోటు లేదు. మానిటోబా రాష్ట్రపు టెన్నికలలో 1952లోను, దేశపు టెన్నికలలో 1960లోను వచ్చెను. పిల్లలను తలిదండ్రులనుండి దూరముచేసి తల్లిభాషను మరపించిన ఆశ్రమ పాఠశాలలలోనే అతడు చదివెను. పిమ్మట తన గ్రామమునకు నాయకుడయ్యెను. 1981లో రూపర్ట్స్‌ల్యాండ్ నియోజకవర్గమునుండి ఆ శాసనసభకు ఎన్నికయ్యెను. సంధిజాతులవారిలో ఆ సభ కెన్నికైన మొదటివా డతడే.

ఇక 1990 జూను. గడువు సమీపించుచుండగా మల్రోనీ ముఖ్యమంత్రులను ఒట్టావాకు పిలిపించి ఏడు దినములు మూసిన తలుపుల వెనుక కూర్చుండబెట్టెను. మూలనివాసుల నాయకులకు ఆ గదిలో చోటు లేదు. మానిటోబా నుండి ఫిల్మన్‌తో పాటు ప్రతిపక్ష నాయకులగు షారన్ కార్‌స్టెయిర్స్, గారీ డోయర్ కూడ వెళ్లి, మనసు పూర్తిగా ఒప్పకపోయినను తుదకు తలయూపి వచ్చిరి. మూడు పక్షముల నాయకులును ఏకమైన పిమ్మట సభలో ప్రతిపక్ష మెక్కడ నున్నది? మానిటోబాలో ఈ తీర్మానము ప్రవేశించు నాడే అచ్చటి యొక ప్రముఖ పత్రికలో ప్రధానమంత్రితో సంభాషణము వెలువడెను. సమావేశమును ఎప్పుడు జరిపి పాచికలు వేయవలెనో తాను చాల ముందుగానే నిశ్చయించుకొంటినని ఆయన అందు చెప్పుకొనెను. పాచికలన్నచో మన పాఠకులకు ఏ సభ జ్ఞప్తికి వచ్చునో మేము చెప్పనక్కరలేదు. ఆ సభలో అధర్మమని లేచి పలికిన వికర్ణుని మాట నెవ్వరును లెక్కచేయలేదు. విన్నిపెగ్గు సభలో లెక్కచేయక తీరలేదు. ఏలయన అచ్చట వ్రాతపూర్వకమైన నియమములు కలవు.

ఆ నియమములను హార్పర్ తానొక్కడే శోధింపలేదు. మానిటోబా మూలనివాసుల నాయకులు, సభా సంప్రదాయము లెరిగిన న్యాయవాది యొకడు ప్రక్కన నుండిరి. తీర్మానమునకు నోటీసు కావలయును. నోటీసు లేకుండ ప్రవేశపెట్టవలెనన్న సభ్యులందరి సమ్మతి కావలయును. రాజ్యాంగ సవరణయైనచో ప్రజల వాదములను బహిరంగముగా వినవలయును. పన్నెండవ తేదీన లేదన్న మాటను హార్పర్ తరువాతి దినములలోను విడువలేదు. గరుడపక్షి ఈకను చేతబట్టి కూర్చుండి, అడిగినపుడెల్ల, కంఠ మెత్తకయే, లేదనెను. సాక్ష్యము చెప్పుటకై పేర్లు నమోదు చేసికొన్న పౌరులు వేలకొలదిగా నుండిరి. ఒట్టావానుండి దూతలు వచ్చి రాజకీయ విచారణసంఘము మొదలగు వాగ్దానములు చేసిరి. మూలనివాసుల నాయకులు వానిని స్వీకరింపలేదు. జూను 22న సభ గడువు పొడిగించుటకును హార్పర్ సమ్మతింపలేదు. నాడే న్యూఫౌండ్లాండు ముఖ్యమంత్రి క్లైడ్ వెల్స్ తన సభలో వోటు తీయకయే నిలిపివేసెను. కాబట్టి ఒడంబడిక మరణమునకు హార్పర్ ఒక్కడే కారణమనుట చరిత్ర కాదు.

ఒక్కడు దేశమునంతటిని ఆపుట ప్రజాస్వామ్యమా యని ప్రశ్నించిన పెద్దమనుష్యులు పలువురు కలరు. ప్రశ్న తగినదే; సభ్యు లొక్కొక్కరు ప్రతి దినమును ఇట్లు చేసినచో ఏ శాసనసభయు సాగదు. కాని హార్పర్ ఆపిన దేమి? నోటీసు నియమమును రద్దుచేయుమన్నారు. అతడు రద్దు చేయలేదు. మూడేండ్ల గడువులో రెండు దినముల నోటీసునకు, కొన్ని వారముల విచారణకు తావు లేకపోయెనా? గడువు తుది దినములవరకు కాలము గడిపి, ఆ భయముతో ముఖ్యమంత్రులను లొంగదీయుటయే పన్నుగడ. తాను బిగించిన ఉరి తనకే తగిలినపుడు త్రాటిని నిందించి ప్రయోజనము లేదు. ముందుగా వచ్చియుండినచో అతని నిరాకరణమువలన ప్రభుత్వమునకు కలుగు నష్టము కొలదిదినముల జాప్యమే.

మేము ఒకటి దాచము. హార్పర్‌ను ఆ దినములలో మెచ్చుకొన్న వారందరును మూలనివాసుల మిత్రులు కారు. క్యూబెక్కునకు ఏదియు ఈయరాదను ఇంగ్లీషువా రెందరో అతని వెనుక దాగి చప్పట్లు కొట్టిరి. ఆ సంవత్సరము జూలైలో క్యూబెక్కులోని ఓకా వద్ద, శ్మశానభూమి విషయమై మోహాకు జాతివారు అడ్డుగోడలు కట్టి నిలిచినపుడు, ఆ చప్పట్లలో ఎన్ని వినబడెనో యోచింపవలసినదే. తనకు పట్టము కట్టినవారి యుద్దేశములకు హార్పర్ బాధ్యుడు కాడు. అతడు తన వాదము క్యూబెక్కుతో కాదని అప్పుడే చెప్పియుండెను.

క్యూబెక్కులో ఈ వైఫల్యము గాయముగనే మిగిలెను. 1992లో షార్లట్‌టౌనులో కుదిరిన మరియొక ఒడంబడికకు మూలనివాసుల సంఘములను ఆహ్వానించిరి. స్వపరిపాలన హక్కును అందు చేర్చిరి. అయిదేండ్ల క్రిందట నిర్వచనము లేదన్న మాటకు అప్పుడు చోటు దొరకెను. ఆ అక్టోబరు 26న ప్రజాభిప్రాయ సేకరణలో అదియు ఓడిపోయెను. 1995 అక్టోబరు 30న క్యూబెక్కు విడిపోవు ప్రశ్నపై వోటు తీయగా, విడిపోవలెనన్నవారు నూటికి 49.42 మంది. ఆ అంకెకు విన్నిపెగ్గు సభలోని యొక్క మాటయే కారణమని నేటికిని వాదించువారున్నారు. 1981లో క్యూబెక్కును వెలుపల నుంచి ఒప్పందము చేసికొన్న రాత్రిని వారు మరతురు.

హార్పర్ 1993లో దేశ పార్లమెంటుకు ఎన్నికయ్యెను. 2013 మే 17న మరణించెను. అతని భౌతికకాయమును ఆ శాసనసభా భవనములోనే ఉంచగా ప్రజలు వచ్చి దర్శించుకొనిరి. 2023 అక్టోబరులో అనిషినాబే జాతీయుడగు వాబ్ కినూ ఆ రాష్ట్రమునకు ముఖ్యమంత్రియై ప్రమాణము చేసెను. 1982 నాటి రాజ్యాంగమునకు క్యూబెక్కు మాత్రము తన సమ్మతిని ఇంకను ఈయలేదు.