మాఫీ ఎవరికి, మోత ఎవరికి? ప్యూర్టోరికో నేర్పే పాఠం

కంపెనీలకు పన్ను మాఫీ చేస్తే పెట్టుబడి వస్తుంది, పెట్టుబడి వస్తే ఫ్యాక్టరీ వస్తుంది, ఫ్యాక్టరీ వస్తే కూలీ ఇంట పొయ్యి వెలుగుతుంది. పాలకులు చెప్పే ఈ మాట ఎంతవరకు నిజమో తేలాలంటే, దాన్ని డెబ్బై ఏళ్ళకు పైగా అమలుచేసి చూసిన చోటును పరిశీలించాలి. అది కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో దీవి.

1898లో స్పెయిన్‌తో యుద్ధం చేసి అమెరికా ఈ దీవిని చేజిక్కించుకుంది. నేటికీ అది అమెరికా అధీనంలోని భూభాగమే. అక్కడి జనానికి 1917లో అమెరికా పౌరసత్వం ఇచ్చారు. కానీ దీవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడి ఎన్నికలో వాళ్ళకు ఓటు లేదు. అమెరికా కాంగ్రెసులో వాళ్ళ ప్రతినిధి మాట్లాడవచ్చుగాని, చట్టాలపై తుది ఓటు వేయడానికి వీల్లేదు. అంటే చట్టం రాసేది ఒకరు, దాని బరువు మోసేది మరొకరు.

అమెరికా పెట్టుబడి రాగానే సారవంతమైన భూములన్నీ చెరకు తోటలయ్యాయి. ఒక కంపెనీకి 500 ఎకరాలకు మించి భూమి ఉండరాదని 1900లో అమెరికా కాంగ్రెసే నిబంధన పెట్టింది. నలభై ఏళ్ళపాటు అది కాగితం మీదే పడివుంది. చక్కెర కంపెనీలు వేల ఎకరాలు మింగేశాయి. చెరకు నరికే కూలీకి ఏడాదిలో కొన్ని నెలలే పని. పని లేని మిగతా నెలల్ని వాళ్ళు "చచ్చిన కాలం" అనేవాళ్ళు. 1934లో చెరకు కూలీలు పెద్దఎత్తున సమ్మెకట్టారు.

ఆ కదలిక వృథా పోలేదు. "రొట్టె, భూమి, స్వేచ్ఛ" అంటూ, పల్లె కూలీ గడ్డిటోపీని గుర్తుగా పెట్టుకుని మున్యోస్ మారిన్ పార్టీ 1940 ఎన్నికల్లో ముందుకొచ్చింది. 1941లో భూమి చట్టం తెచ్చి కంపెనీల మిగులు భూములు కొంత కొన్నారు, కూలీలకు ఇళ్ళస్థలాలు ఇచ్చారు. అయితే 1947 నాటికి అదే ప్రభుత్వం దారి మార్చింది. "బూట్‌స్ట్రాప్ ఆపరేషన్" పేరుతో, పన్ను కట్టక్కర్లేదు రండి అంటూ అమెరికా కంపెనీలను పిలిచింది.

ఫ్యాక్టరీలు వచ్చిన మాట నిజమే. రోడ్లు, బడులు, ఆస్పత్రులు పెరిగిన మాటా నిజమే. మరి పొలం పని పోగొట్టుకున్న కూలీలందరికీ ఆ ఫ్యాక్టరీల్లో చోటు దొరికిందా? దొరకలేదు. ఒక్క 1950ల దశాబ్దంలోనే నాలుగు లక్షలకు పైగా జనం దీవి విడిచి న్యూయార్క్ వంటి నగరాలకు వలసపోయారు. ఒకప్పుడు ఏటా 10 లక్షల టన్నులకు పైగా చక్కెర తీసిన దీవిలో 2000 సంవత్సరానికి చివరి మిల్లు కూడా మూతపడింది. తినే తిండిలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా బయటినుంచి ఓడల్లో వచ్చే గతి పట్టింది. అమెరికా రేవుల నుంచి వచ్చే సరుకు అమెరికాలో కట్టిన ఓడల్లోనే రావాలని 1920 చట్టం. ఆ అదనపు కిరాయి కూడా జనం నెత్తినే!

1976లో అమెరికా పన్ను చట్టంలోని 936వ సెక్షన్ దీవిలో సంపాదించిన లాభాలపై ఫెడరల్ పన్ను లేకుండా చేసింది. మందుల కంపెనీలు పరుగెత్తుకొచ్చాయి. 1987 లెక్క చూడండి: ఆ కంపెనీలకు ఒక్కో ఉద్యోగి పేర పన్నులో మిగిలింది సగటున 70 వేల డాలర్లకు పైగా. ఆ ఉద్యోగికి సగటున ముట్టజెప్పింది 27 వేల లోపే. ఈ లెక్క కమ్యూనిస్టులు కట్టింది కాదు, 1992లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ శాఖ బయటపెట్టింది!

1996లో ఆ సెక్షన్ రద్దుచేసి పదేళ్ళ గడువిచ్చారు. 2006లో గడువు ముగిసింది. రాయితీ కోసం వచ్చిన పెట్టుబడి చాలావరకు రాయితీతోనే మూటాముల్లె సర్దుకుంది. ఆ ఏడే దీవి మాంద్యంలో పడింది. ఆ ఏడే సరుకుల కొనుగోలుపై నూటికి 7 చొప్పున అమ్మకపు పన్ను మొదలైంది. 2015లో దాన్ని పదకొండున్నరకు పెంచారు. కంపెనీ కట్టని పన్ను ఎక్కడికీ పోలేదు. కూలీ కొనే బట్ట మీద, సబ్బు మీద, చెప్పుల జత మీద వచ్చి వాలింది.

చాలని సొమ్ముకు ప్రభుత్వం అప్పులు చేసింది. ప్యూర్టోరికో బాండ్లపై వడ్డీకి పన్ను లేదు గనుక వాల్ స్ట్రీట్ ఎగబడి కొన్నది. అప్పు 7,200 కోట్ల డాలర్లయింది. 2016లో అమెరికా కాంగ్రెసు ఏడుగురి బోర్డును దీవి ఖజానాపై కూర్చోబెట్టింది. ఆ ఏడుగురిలో ఒక్కరినీ ప్యూర్టోరికో జనం ఎన్నుకోలేదు. పొదుపు పేరుతో 2018లో 250కి పైగా బడులు మూసేశారు. 2010లో 37 లక్షలున్న జనాభా 2020 నాటికి 33 లక్షల లోపుకు పడిపోయింది.

ఇంత జరిగినా పాలకులకు బుద్ధి రాలేదు. బయటి కోటీశ్వరులు దీవికి కాపురం మార్చుకుంటే, అక్కడికొచ్చాక వాళ్ళ ఆస్తులపై పెరిగే లాభానికి పన్ను సున్నా అని 2012లో చట్టం చేశారు. అక్కడే పుట్టి అక్కడే బతికే మనిషికి మాత్రం ఆ రాయితీ లేదు.

పరిశ్రమలు వద్దని మేము అనడం లేదు. పరిశ్రమ కావాలి, పని కావాలి. కానీ మన దేశంలోనూ 2005 సెజ్ చట్టం ఎగుమతి లాభాలపై మొదటి ఐదేళ్ళు ఆదాయపు పన్ను పూర్తిగా ఎత్తేసింది. కనుక ఎవరైనా రాయితీ కాగితం పట్టుకుని మన ఊరికొస్తే గ్రామసభలో నిలబడి మనం మూడు ప్రశ్నలు వేయాలి. ఎన్ని ఎకరాలు పోతాయి? ఎందరికి, ఎంత కూలికి, ఎన్నేళ్ళు పని? వదిలేసిన పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు? మూడింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా మనం భూమి మీదనుంచి కదలకూడదు.