‘ఇవ్వవచ్చు’ కాదు, ‘ఇవ్వాలి’

సంక్రాంతి సెలవులిచ్చిన రోజు గురుకులాల ముందు ఆటోలు, బైకులు బారులు తీరతాయి. ట్రంకు పెట్టెలు బయటికొస్తాయి. ఎవరి బిడ్డను వాళ్లు ఎక్కించుకుని వెళ్లిపోతారు. పొద్దు గూకేసరికి గేటు దగ్గర ఒకరిద్దరు మిగులుతారు. వాళ్ల కోసం రావలసిన అమ్మానాన్నలు ఈ లోకంలో లేరు. ఆ పిల్లలకు పండగ బాలసదనంలోనే.

అమ్మానాన్నలు పోయిన పిల్లలకు ప్రభుత్వ బాలసదనాలున్నాయి, చిల్డ్రన్స్ హోములున్నాయి, స్వచ్ఛంద సంస్థల ఆశ్రమాలున్నాయి. హైదరాబాద్ సరూర్‌నగర్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో విక్టోరియా రాణి పేరిట అనాథాశ్రమం వెలిసి నూరేళ్లు దాటింది. పిల్లల్ని చేర్చుకోవడం మనకు కొత్త కాదు. ఈ ఆశ్రమాల్లో లోపాలున్నాయి, వాటి గురించి రాయవలసిందీ చాలా ఉంది. అయినా అక్కడ వేళకింత అన్నం ఉంటుంది, జ్వరమొస్తే నుదురు పట్టి చూసే ఆయమ్మ ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండిన మర్నాడు ఆ రెండూ ఉండవు. ఈ రోజు మా ఆందోళన ఆ మర్నాటి గురించే.

2015 నాటి బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్‌లో ఈ విషయం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండి సంస్థను వదిలి వెళ్తున్న వారికి సమాజంలో కుదురుకునేందుకు ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’ అని ఆ సెక్షన్ చెబుతోంది. ‘ఇవ్వాలి’ అనలేదు. నియమావళి ప్రకారం ఈ అనంతర సంరక్షణ 21 ఏళ్ల దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా కొనసాగవచ్చు. మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో అందుకు నెలకు రూ.4,000 చూపించారు. కానీ ‘ఇవ్వవచ్చు’ అన్న చోట హక్కు ఉండదు. నిధులుంటే వస్తాయి, అధికారికి మనసుంటే వస్తాయి. రాకపోతే ఎందుకు రాలేదని నిలదీయడానికి ఆ పిల్లవాడి వెనుక మేనమామ లేడు, పెదనాన్న లేడు. పోనీ వచ్చినా, అమీర్‌పేట హాస్టల్లో నలుగురితో పంచుకునే గదిలో ఒక మంచానికే ఆ డబ్బు చాలదు.

ఇంతకీ ఆ పద్దెనిమిదేళ్లు ఎవరు లెక్కగట్టారు? పుట్టిన తేదీ తెలియని పిల్లలు ఈ ఆశ్రమాల్లో ఎందరో. బడి రికార్డు, జనన ధ్రువపత్రం లేనప్పుడు వైద్యులు ఎముకల పరీక్ష చేసి వయసు తేలుస్తారు. అది అంచనా మాత్రమే. ఆ అంచనా ఇంటర్ రెండో ఏడు మధ్యలో పద్దెనిమిది నిండిందంటే, సగం చదువుతో పెట్టె సర్దుకోవాలా?

మన ఇళ్లలో ఏం చేస్తున్నాం? ఇంజనీరింగ్ ఫీజు కడతాం, కోచింగ్‌కు పంపుతాం, ఉద్యోగం వచ్చేదాకా ఫోన్ రీచార్జి కూడా మనమే చేయిస్తాం. ఇరవై మూడేళ్ల కొడుకును ‘ఇంకా చిన్నవాడే’ అంటాం. ఏ అండా లేని పిల్లే పద్దెనిమిదికల్లా తన కాళ్ల మీద నిలబడాలనడం అన్యాయం. అద్దె గది కోసం వెళ్తే ముందు అడిగేది ‘అమ్మానాన్నలేం చేస్తారు’ అనే కదా!

పద్దెనిమిది చాలదని ప్రభుత్వాలకు తెలుసు. కోవిడ్‌లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల కోసం 2021లో కేంద్రం పీఎం కేర్స్ పథకం తెచ్చింది. పద్దెనిమిది నుంచి నెలనెలా స్టైపెండ్, 23 నిండాక రూ.10 లక్షలు అంది. ఆంధ్రప్రదేశ్ కూడా అలాంటి పిల్లల పేరిట రూ.10 లక్షల డిపాజిట్ ప్రకటించింది. మంచి పని. మరి అప్పుల పాలై ఉరిపోసుకున్న రైతు కూతురో, లారీ ఢీకొని ఒకేసారి పోయిన దంపతుల కొడుకో ఏం తప్పు చేశారు? చావుకు కారణాన్ని బట్టి బిడ్డ ఆకలి మారదు.

రిజర్వేషన్‌లోనూ ఇలాంటి గీతే ఉంది. పదేళ్లలోపు తల్లిదండ్రుల్ని కోల్పోయి, గుర్తింపు పొందిన ఆశ్రమాల్లో పెరిగిన అనాథలను మన రెండు రాష్ట్రాలూ బీసీ-ఎలో చేర్చాయి. పదకొండో ఏట అనాథ అయితే ఆ గీతకు అవతలే. ఈ వయసు నిబంధనను వెంటనే ఎత్తేయాలి.

46వ సెక్షన్‌లోని ఆ ఒక్క మాటను పార్లమెంటు మార్చాలి. అందాకా రెండు తెలుగు రాష్ట్రాలూ తమ నిబంధనల్లోనే 23 ఏళ్ల దాకా సాయాన్ని తప్పనిసరి చేయవచ్చు; చేయాలి. మొత్తాన్ని అద్దెకూ తిండికీ సరిపోయేలా పెంచాలి. పదహారో ఏటికే ఆధార్, కుల, ఆదాయ, నివాస పత్రాలు, బ్యాంకు ఖాతా పిల్లల చేతిలో పెట్టే పూచీ కలెక్టర్లది కావాలి. బాలల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణ వారికి ఈ వ్యవస్థపై అధికారాన్ని పెంచింది కనుక తప్పించుకునే వీల్లేదు.

ఇంకొకటి. ప్రతి బాలసదనంలో ఒక గదిని అక్కడ పెరిగి వెళ్లిన వారి కోసం అట్టే ఉంచాలి. ఉద్యోగం పోయిన కుర్రవాడు నాలుగు రోజులు తలదాచుకోవడానికి, పెళ్లయిన పిల్ల పండక్కి పుట్టింటికొచ్చినట్టు బిడ్డనెత్తుకుని రావడానికి.