ఏడవడానికీ వర్జిలేనా?

"మిల్టన్ లాటిన్ పద్యాలా? అవి చదవకపోయినా నష్టం లేదండీ. కుర్రతనంలో వర్జిల్‌నీ ఓవిడ్‌నీ ముందు పెట్టుకుని దిద్దిన కాపీలు!"

ఈ మాట ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో గాని, ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్ళలో చాలామంది నోట తు.చ. తప్పకుండా ఇదే వస్తుంది. ఒక్క మిల్టన్ అనే కాదు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో లాటిన్లో కవిత్వం చెప్పిన ఇంగ్లీషువాళ్ళందరికీ కలిపి ఇదే సర్టిఫికెట్. థామస్ మోర్‌కీ, కాంపియన్‌కీ, హెర్బర్ట్‌కీ, మార్వెల్‌కీ, కౌలీకీ అందరికీను. బడిపద్యాలు! అరువు సొమ్ము! గుండెలో తడి లేని మాటలు!

నాకీ తీర్పు మీద ఎప్పట్నుంచో ఒళ్ళుమంట. ముందే చెప్పేస్తున్నాను, నాకు లాటిన్ రాదు. బి.ఏ.లో నేర్చిన ఇంగ్లీషు ఆసరాతో, అనువాదాలూ వివరణలూ పక్కన పెట్టుకుని చదివినదాన్ని. "లాటిన్ రానిదానివి, నీకెందుకమ్మా ఈ పంచాయితీ?" అనవచ్చు మీరు. లాటిన్ రాని ఆడదాని సంగతి ఒకటి ఈ కథలోనే ఉంది. అక్కడిదాకా కాస్త ఓపిక పట్టండి.

ఆ కాలపు ఇంగ్లండులో గ్రామర్ స్కూలంటే లాటిన్ గ్రామర్ నేర్పే బడి. మగపిల్లవాడు అందులో చేరితే చాలు, విలియం లిలీ పేరు మీద చెలామణీ అయిన వ్యాకరణం చేతిలో పడేది. సిసిరో వ్రాసిన పేరా ఒకటి ఇంగ్లీషులోకి మార్చాలి. పుస్తకం మూసెయ్యాలి. కాసేపాగి తన ఇంగ్లీషుని మళ్ళీ లాటిన్లోకి తిప్పి, అసలు సిసిరో పక్కన పెట్టి చూసుకోవాలి. ఎలిజబెత్ రాణికి చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ ఈ పద్ధతినే మెచ్చుకుంటూ పుస్తకం వ్రాశాడు. ఆయన పోయాక 1570లో అది అచ్చయింది. పై తరగతులకొచ్చేసరికి ఓవిడ్ ఛందస్సులో పద్యాలల్లాలి, వర్జిల్‌ని కంఠతా పట్టాలి. పట్టకపోతే బెత్తం ఉండనే ఉంది.

"చూశారా, బెత్తం దెబ్బలకి పుట్టిన కవిత్వమని మీరే ఒప్పుకున్నారు!" అంటారు అవతలివాళ్ళు. ఒప్పుకున్నాను. ఒప్పుకునే అడుగుతున్నాను. చదువుకున్నవాళ్ళందరికీ అవే పద్యాలు నోటికొచ్చినప్పుడు, ఆ పద్యంలో ఒక్క మాట మారిస్తే ఏమవుతుంది? మన ఇళ్ళల్లో ఎవరైనా వసారాలో పోతన పద్యం ఎత్తుకుంటే, రెండో పాదం వంటింట్లోంచి వినిపించిన రోజులు తలుచుకోండి. అలాంటి ఇంట్లో ఎవరో ఒక మాట మార్చి చదివారనుకోండి. వంటింట్లో గరిటె తిప్పే చెయ్యి ఠక్కున ఆగిపోదూ? ఆ చెయ్యి ఎక్కడ ఆగుతుందో అక్కడే ఈ కవులు తమ సొంతమాట పెట్టారు. మన విమర్శకులేమో ఆగకుండా తిప్పుకుంటూ పోయి, పులుసులో ఉప్పు లేదంటారు.

మిల్టన్ సంగతే తీసుకుందాం. ఆయనకి చార్లెస్ డియోడాటి అని చిన్ననాటి స్నేహితుడు. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం, వైద్యం చదివిన కుర్రాడు. 1638లో మిల్టన్ ఇటలీ యాత్రలో ఉండగా, ఆగస్టు నెలలో డియోడాటి చనిపోయాడు. తిరిగొచ్చాక మిల్టన్ 'ఎపిటాఫియం డామోనిస్' అని లాటిన్లో ఒక విలాపగీతం వ్రాశాడు. అందులో తనొక గొర్రెల కాపరి, పోయిన స్నేహితుడు డామన్ అనే ఇంకో కాపరి. వేషమంతా వర్జిల్‌దే. ఆ మాటకొస్తే వర్జిల్ కూడా గ్రీకు కవి థియోక్రిటస్ దగ్గర తెచ్చుకున్నదే.

వర్జిల్ గొల్లపాటలు పది. పదో పాట చివర, సాయంకాలపు చుక్క పొడిచిన వేళ, కాపరి తన మేకల్ని ఇంటికి పొమ్మంటాడు. కడుపు నిండా మేసిన మేకల్ని! పాట పూర్తయింది, పశువులు మేశాయి, పొద్దు గూకింది. అంతా సవ్యంగానే ఉంది. మిల్టన్ ఆ వాక్యాన్నే అందుకుని తన పాటకి పల్లవి చేసుకున్నాడు. పదిహేడుసార్లు వస్తుందది. అయితే ఇతను ఇంటికి పొమ్మనేది మేత ముట్టని గొర్రెపిల్లల్ని. మీ యజమానికి మీ సంగతి చూసే తీరిక లేదు, ఆకలితోనే పొండి అంటాడు. నిండిన కడుపు ఖాళీ అయింది, అంతే మార్పు. వర్జిల్ ఎరగనివాడికి ఇదొక మామూలు మాట. ఎరిగినవాడికి మాత్రం, చావు వార్త వచ్చిన ఇంట్లో పొయ్యి వెలగని రోజు కళ్ళకి కడుతుంది.

ఇంకో చోటు చెబుతాను. వర్జిల్ మొదటి పాటలో టిటిరస్ అనే కాపరిని, రోముకి వెళ్ళేంత పనేం పడిందయ్యా నీకు అని పక్కవాడు అడుగుతాడు. స్వేచ్ఛ కోసం వెళ్ళానంటాడు టిటిరస్. వెళ్ళినందుకు అతని పొలం అతనికి దక్కింది కూడా. మిల్టన్ ఆ ప్రశ్నే తీసుకున్నాడు. అడగడానికి పక్కవాడు లేడు గనక తననే అడుగుకున్నాడు. సమాధి అయిపోయిన రోముని చూడడం అంత ముఖ్యమయిందా నాకు? వెళ్ళకపోతే చివరి ఘడియలో వాడి చెయ్యి పట్టుకునేవాణ్ణి, కళ్ళు నేనే మూసేవాణ్ణి కదా అని కుమిలిపోతాడు. ఒకడికి పొలం ఇచ్చిన ప్రయాణమే ఇంకొకడికి కడసారి చూపు లేకుండా చేసింది. ఇది కాపీయా? దూరదేశంలో ఉండగా అర్ధరాత్రి ఫోను మోగి, ఇంటికి చేరేసరికి అన్నీ అయిపోయిన మన పిల్లల్ని అడగండి, ఇందులో తడి ఉందో లేదో చెబుతారు.

అక్కడితో ఆగలేదు. చలికాలం రాత్రి, బయట ఎల్మ్ చెట్ల మీద గాలీ ఉరుములూ, లోపల పొయ్యి దగ్గర సుయ్‌మంటూ కాలే పియర్ పండు, చిటపటలాడే గింజలు... ఆ వేళ కబుర్లు చెప్పుకోడానికి నాకింకెవరున్నారు అంటాడు. ఇటలీ కాపరి వేషం లోపల ఇంగ్లండు ఇంట్లో ఇద్దరు కుర్రాళ్ళు చలి కాచుకుంటున్నారు!

ఈ పద్యాన్ని మహానుభావుడు శామ్యూల్ జాన్సన్ 1779లో వచ్చిన తన మిల్టన్ చరిత్రలో, కాపరి బతుకుని అనుకరించే పిల్లచేష్ట కింద కొట్టిపారేశాడు. మిల్టన్ ఇంగ్లీషులో వ్రాసిన 'లిసిడాస్' మీదా ఆయనకదే ఫిర్యాదు. కల్పనలు అల్లుకునే తీరికుంటే దుఃఖం అంతంతమాత్రమేనట! ఈనాటి "బడిపద్యాల" విమర్శకి మూలపురుషుడు ఆయనే కాబోలు.

ఏమండీ జాన్సన్‌గారూ! 1772లో మీ నిఘంటువు దిద్దుబాటు పని ముగిసి, దిగులూ నిస్పృహా మీద పడ్డప్పుడు తమరేం చేశారు? హాయిగా ఇంగ్లీషులో ఏడవకపోయారా? లాటిన్లో పద్యం వ్రాసుకున్నారు. అందులో స్కాలిజర్ అనే పాతకాలపు నిఘంటుకర్తని తలుచుకుని, ఆయన అవస్థతో మీ అవస్థని కొలిచి చూసుకున్నారు. మీదైతే మనోవేదన, ముప్ఫై ఏళ్ళ మిల్టన్‌ది పిల్లచేష్టానా?

అసలీ తీరిక వాదమే నాకు అర్థం కాదు. చావింట్లో మన పల్లెటూరి ఆడవాళ్ళు రాగం తీసి, వరసలు పెట్టి, పోయినవాళ్ళ గుణగణాలన్నీ ఏకరువు పెడుతూ ఏడుస్తారు. ఆ రాగం తల్లి దగ్గర విన్నదే, ఆ వరసలు అమ్మమ్మ దగ్గర విన్నవే. అందుకని వాళ్ళది దొంగ ఏడుపా? పెద్దన మార్కండేయ పురాణంలోంచి ప్రవరుణ్ణి తెచ్చుకున్నాడని మనమెవరమైనా ఆయన మీద కేసు పెట్టామా?

అన్నీ ఆణిముత్యాలని నేననడం లేదు సుమండీ. రాజుగారింట పురుడొచ్చినా, పెళ్ళయినా, చావొచ్చినా ఆక్స్‌ఫర్డూ కేంబ్రిడ్జీ పోటీలు పడి లాటిన్ పద్యసంపుటాలు అచ్చేశాయి. ఆ పొగడ్తల మూటలు విప్పే ఓపిక నాకు లేదు. మిల్టన్ కూడా పదిహేడేళ్ళ వయసులో బిషప్పులు పోయినప్పుడు పద్యాలు కట్టాడు. అవి బడిపద్యాలే, కాదనను. ఊక ఉందని గాదెకి నిప్పు పెట్టేవాళ్ళతోనే నా పేచీ.

ఇక ఓవిడ్. క్రీస్తుశకం 8లో అగస్టస్ చక్రవర్తి ఆయన్ని నల్లసముద్రం ఒడ్డున టోమిస్‌కి వెళ్ళగొట్టాడు. అక్కణ్ణించి ఆయన చక్రవర్తినీ స్నేహితుల్నీ వేడుకుంటూ పద్యాలు పంపాడు. ఇంగ్లండులో బడికెళ్ళిన ప్రతివాడికీ ఈ ప్రవాస విలాపం పరిచయమే. 1626లో కేంబ్రిడ్జి నుంచి కొన్నాళ్ళపాటు మిల్టన్‌ని ఇంటికి పంపించేస్తే, ఓవిడ్ ఛందస్సులోనే డియోడాటికి ఉత్తరం వ్రాశాడు. ఇదే ప్రవాసమైతే నాకు బ్రహ్మాండంగా ఉంది, పుస్తకాలున్నాయి, నాటకాలున్నాయి, లండన్‌లో అందమైన అమ్మాయిలున్నారు, పాపం ఓవిడ్‌కీ ఇలాంటి ప్రవాసమే దొరికుంటే హోమర్‌కి తీసిపోయేవాడు కాదు అని. కుర్రాడి కొంటెతనం. చదువుతుంటే నవ్వొస్తుంది.

అదే ఓవిడ్‌ని అంతకు ఇరవై, పాతికేళ్ళ ముందు ఇంకొకరు పట్టుకున్నారు, నవ్వడానికి కాదు. ఎలిజబెత్ జేన్ వెస్టన్ 1581లో ఇంగ్లండులో పుట్టింది. పసితనంలోనే తండ్రి పోయాడు. తల్లి మారుమనువు చేసుకున్నది ఎడ్వర్డ్ కెల్లీ అనే రసవాదిని. ఇనుమూ సీసమూ బంగారం చేస్తానని ప్రాగ్‌లో రుడాల్ఫ్ చక్రవర్తి కొలువు చేరిన ఘనుడాయన. బంగారం కాలేదు, కెల్లీ జైలు పాలయి పోయాడు, ఆస్తి జప్తయింది. పరాయి దేశంలో తల్లి, అప్పులు, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఆ పదిహేను, పదహారేళ్ళ పిల్లకున్న ఆస్తల్లా లాటిన్! చక్రవర్తికీ కొలువు పెద్దలకీ లాటిన్ పద్యాల్లో అర్జీలు పెట్టుకుంది. ఓవిడ్ చక్రవర్తిని ఏ గొంతుతో వేడుకున్నాడో, ఆ గొంతే ఎత్తుకుంది. ఆయన వెళ్ళగొట్టబడ్డ మగవాడు, పేరు మోసిన కవి. ఈమె ఏ తప్పూ చెయ్యని ఆడపిల్ల. ఆ సంగతి చదివే పెద్దమనిషికి వేరే చెప్పనక్కర్లేదు, ఓవిడ్ నోటికి వచ్చినవాడే గనక వాడికే తెలుస్తుంది. 1602లో ఆమె పద్యాలు అచ్చయ్యాయి, యూరప్ పండితులు నెత్తిన పెట్టుకున్నారు. 1612లో, ముప్ఫై యేళ్ళకే, ప్రాగ్‌లో చనిపోయింది. ఆ పిల్ల అన్నం పెట్టమని అడిగిన పద్యాల్ని కూడా "అరువు సొమ్ము" అనేవాడికి నేనేం చెప్పను? నేను చదివిన ఇంగ్లీషు సాహిత్య చరిత్రల్లో ఆమె పేరే లేదు. ఇంగ్లీషులో వ్రాయలేదుగా!

జార్జ్ హెర్బర్ట్ తల్లి మాగ్డలిన్ 1627లో పోతే, ఆయన లాటిన్లోనూ గ్రీకులోనూ పద్యాలు వ్రాశాడు. పాతకాలపు రోమను ఇల్లాళ్ళ పేర్లతో ఎత్తుకుని, వెంటనే వాళ్ళని పక్కకి నెట్టి తల్లి దినచర్యలోకి దిగుతాడు. ఆవిడ తల దువ్వుకునే తీరు, ఇంటి అజమాయిషీ, తోట, ముచ్చటైన చేతివ్రాత! నీ వల్లనే నాకీ చదువబ్బింది, ఈ చదువు నీకు ఋణపడింది అంటాడు. కొడుకుని చదివించిన తల్లి సరే, ఆమెలాంటివాళ్ళ కూతుళ్ళకి మాత్రం ఆ గ్రామర్ స్కూళ్ళ తలుపులు తెరుచుకోలేదు.

లాటిన్ రాని ఆడదాని సంగతి చెబుతానన్నానుగా. ఆమె అఫ్రా బెన్. నాటకాలూ నవలలూ వ్రాసి బతికిన మనిషి. 1680లో ఓవిడ్ లేఖల్ని పదిమంది కలిసి ఇంగ్లీషు చేసినప్పుడు ఆమె కూడా ఒకటి వ్రాసింది. ఈవిడకి లాటిన్ రాదని చెప్పమన్నారు, రాకపోతే వచ్చిన మేమే సిగ్గుపడాల్సి ఉంటుందన్నాడు ముందుమాటలో డ్రైడెన్. తర్వాత కౌలీ లాటిన్లో వ్రాసిన మొక్కల కావ్యం ఆరు పుస్తకాలూ ఇంగ్లీషులో తెచ్చినప్పుడు, చెట్ల మీది ఆరో పుస్తకం ఈమె వంతుకొచ్చింది. కవులకి కిరీటంగా పెట్టే లారెల్ చెట్టు దగ్గరికి రాగానే ఆమె అనువాదం ఆపేసింది. అనువాదకురాలు ఇక్కడ స్వయంగా మాట్లాడుతోందని మార్జిన్లో అచ్చు వేయించి మరీ, సాఫోకీ, ఒరిండా పేరుతో వ్రాసిన కేథరిన్ ఫిలిప్స్‌కీ ఇచ్చినట్టే నాకూ ఆ ఆకుల్లో వాటా ఇవ్వమని అడిగింది. కౌలీ అడగని మాట, కౌలీ పద్యం మధ్యలో నిలబడి!

పుస్తకం 1689లో వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్లోనే ఆమె పోయింది. కౌలీ సమాధి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో కవుల మూలన ఉంది. ఆమెదీ ఆ ఆబీలోనే, కాకపోతే బయటి వసారాలో.