ముందు పైపులు... తర్వాతే టైల్స్!

పాత ఇల్లు బాగుచేయించాలనుకోగానే ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లేది టైల్స్ షాపుకే. రంగు అమ్మాయికి నచ్చాలి, నేల జారకూడదని నాన్నమ్మ చెప్పాలి, ధర ఇంటాయనకు కుదరాలి. ఆ హడావుడిలో పైపుల సంగతి 'ప్లంబరు చూసుకుంటాడులే' అని వదిలేస్తారు. ఆర్నెల్లు తిరక్కుండానే పడగ్గది గోడ మీద చెమ్మ మరక! ముచ్చటపడి వేయించిన టైల్స్‌నే మళ్లీ పగలగొట్టాల్సి వస్తుంది. టైల్స్ రంగు నచ్చకపోతే సర్దుకుపోవచ్చు. గోడలో పైపు కారుతుంటే సర్దుకోలేం కదా. అందుకే బాత్రూమ్ కొట్టించకముందే కాగితం మీద తేల్చుకోవాల్సిన విషయాలు కొన్నున్నాయి.

పాతవి ఉంచాలా... తీయాలా?

ముప్ఫై ఏళ్లు దాటిన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి జీఐ పైపులే. పైకి గట్టిగా కనిపించినా లోపల తుప్పు పేరుకుని దారి సన్నబడుతుంది. పొద్దున్నే కుళాయి తిప్పగానే ఎర్రనీళ్లు రావడం, ధార నానాటికీ తగ్గిపోవడం దానికి గుర్తులు. ఆ పైపులకే ఖరీదైన కొత్త కుళాయిలు బిగిస్తే డబ్బు దండగ. ఎలాగూ గోడ కొడుతున్నారు కాబట్టి మార్చేయడమే మేలు. వేడినీళ్లకు సీపీవీసీ పైపులే వాడాలి. ఖర్చు తగ్గుతుందని గీజరు లైనుకు యూపీవీసీ వేస్తే వేడికి మెత్తబడి అతుకుల దగ్గర కారుతుంది. పైపుకు తగిన జిగురే వాడుతున్నారో లేదో కూడా చూసుకోవాలి. రెంటికీ జిగురు వేరు.

వేడినీళ్లు ఎక్కడి నుంచి?

మన దగ్గర గదుల్ని వెచ్చబెట్టాల్సిన అవసరం పెద్దగా రాదు. చలికాలం వస్తే కావాల్సింది స్నానానికి వేడినీళ్లే. సోలారా, గీజరా అన్నది ముందే తేల్చుకోవాలి. సోలార్ అయితే 100 లీటర్లది ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది. డాబా మీద నీడ పడని చోట, దక్షిణం వైపు తిప్పి పెట్టాలి. దానికి నీళ్లందించే చన్నీళ్ల ట్యాంకు ఇంకాస్త ఎత్తులో ఉండాలి. డాబా నుంచి బాత్రూమ్‌కి పైపు 20 మీటర్లుంటే అందులో దాదాపు 5 లీటర్ల నీళ్లుంటాయి. పొద్దున్నే కుళాయి తిప్పితే ముందు ఆ చల్లారిన నీళ్లన్నీ పోవాల్సిందే! అందుకే దారి పొట్టిగా ఉండేలా చూసుకోవాలి. పైపుకు వేడి పోకుండా తొడుగు వేయించాలి. మబ్బు రోజుల కోసం గీజరు పాయింటూ ఉంచుకోవాలి.

గీజరు ఒక్కటే చాలనుకుంటే బకెట్ స్నానానికి 15 లీటర్లది, షవర్‌కు 25 లీటర్లది చూసుకోవచ్చు. నీళ్లతో కలిపి 25 లీటర్ల గీజరు బరువు ముప్ఫై కిలోలు దాటుతుంది. కాబట్టి ఏ గోడకు వేలాడదీయాలో మేస్త్రీని అడగాలి. దాదాపు 2 కిలోవాట్ల కరెంటు లాగుతుంది కనుక మెయిన్ బోర్డు నుంచి విడిగా వైరు, 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. షాక్ కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీ ఇంట్లో లేకపోతే ఇదే అదను. గ్యాస్ గీజరును మాత్రం బాత్రూమ్ లోపల పెట్టొద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణాలే తీస్తుంది.

షవర్ కొనేముందు...

షోరూంలో వానలా కురిసిన షవర్ ఇంటికొచ్చాక చినుకులు రాలుస్తుంది. కారణం ప్రెషర్. ట్యాంకు 10 మీటర్ల ఎత్తులో ఉంటేనే దాదాపు కిలో ప్రెషర్ వస్తుంది. పై అంతస్తులో షవర్‌కీ ట్యాంకుకీ మధ్య 3 మీటర్లుంటే వచ్చేది అందులో మూడోవంతే. ట్యాంకును ఎత్తులో కట్టించాలి, లేదా ప్రెషర్ పంపు పెట్టించాలి. పంపు పెడితే ఆ ఒత్తిడిని తట్టుకునే గీజరే కొనాలి.

గోడ మూసేముందు...

గాడులు పూడ్చకముందే పైపుల చివర్లు మూసి, టెస్టింగ్ పంపుతో ప్రెషర్ పెట్టించండి. కొన్ని గంటలైనా మీటరు ముల్లు కిందికి దిగకూడదు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నేల మీద రెండంగుళాల నీళ్లు కనీసం ఒక రోజు నిలబెట్టి, కింది శ్లాబు చూడండి. అపార్ట్‌మెంట్ అయితే కింది ఫ్లాటువాళ్లకి ముందే చెప్పి వాళ్ల సీలింగ్ చూసి రండి. చెమ్మ దిగాక గొడవపడటంకన్నా అది నయం. ప్రతి బాత్రూమ్‌కీ విడిగా వాల్వు పెట్టిస్తే ఒకచోట రిపేరొచ్చినా ఇల్లంతా నీళ్లు ఆపక్కర్లేదు.

చివరిగా ఒక్క పని. పైపులు కనిపిస్తుండగానే గోడకు టేపు ఆనించి, నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో తెలిసేలా ఫొటోలు తీసి దాచుకోండి. రేపు అద్దం బిగించడానికి డ్రిల్లు పెట్టేటప్పుడు ఆ ఫొటోలే మీ పైపుల్ని కాపాడతాయి.